ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను: లేజర్ కాపాడుతుందా?

ఆరేళ్ల వయసులో పాలపళ్ల వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. పాలపన్నే అనుకుని, అది పుచ్చినా ‘ఎలాగూ ఊడిపోతుందిలే’ అని చాలామంది తల్లిదండ్రులు వదిలేస్తారు. నిజానికి అది మొదటి శాశ్వత దవడ పన్ను. పోతే మళ్లీ రాదు.

పైకి కనిపించే నాటికి ఈ పన్ను వేరు సగంలోనే ఉంటుంది. గోడలు పలుచగా, కొన తెరుచుకుని ఉంటాయి. అది పూర్తవడానికి దాదాపు మరో మూడేళ్లు పడుతుంది. ఆ పని చేసేది పన్ను లోపల నరాలు, రక్తనాళాలతో ఉండే మెత్తని దంతమజ్జ. పుచ్చు అక్కడిదాకా చేరి మజ్జ చనిపోతే వేరు ఎదుగుదల ఆగిపోతుంది. అలాంటి పన్ను నమిలే ఒత్తిడికి విరిగిపోవచ్చు.

అందుకే వీలైన చోట వైద్యులు రూట్ కెనాల్‌కు బదులు పల్పాటమీ చేస్తారు. పైభాగంలో దెబ్బతిన్న మజ్జను మాత్రమే తీసి, వేళ్లలోని బతికున్న మజ్జను అలాగే ఉంచుతారు. రక్తం ఆగాక దానిపై ఎంటీఏ వంటి కాల్షియం సిలికేట్ సిమెంటు పెట్టి, పన్నును గట్టిగా మూసేస్తారు. 1990లలో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఎంటీఏకు మూలం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే. తడిలోనూ గట్టిపడే గుణం ఇక్కడ పనికొచ్చింది.

మరి లేజర్ ఎందుకు? ఎక్కువ శక్తి గల లేజర్ మజ్జను కోస్తుంది, రక్తాన్ని ఆపుతుంది, సూక్ష్మజీవులను తగ్గిస్తుంది. తక్కువ శక్తి లేజర్ పని వేరు. అది కోయదు, కాల్చదు. సుమారు 600 నుంచి 1000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎరుపు, పరారుణ కాంతిని సిమెంటు పెట్టేముందు మజ్జపై కొన్ని సెకన్లు ప్రసరింపజేస్తారు. ఈ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా గ్రహించి ఎక్కువ శక్తిని తయారుచేస్తుందని, దాంతో వాపు తగ్గి గాయం త్వరగా మానుతుందని శాస్త్రవేత్తల వివరణ. ఇలాంటి కాంతి ప్రభావాన్ని 1960లలోనే బుడాపెస్ట్ వైద్యుడు ఎండ్రె మెస్టర్ ఎలుకల్లో గమనించారు. గొరిగిన చోట వాటికి వెంట్రుకలు త్వరగా పెరిగాయి.

అయితే మోతాదు కీలకం. తక్కువైతే ఫలితం ఉండదు, మించితే కణాల పని మందగిస్తుంది. పిల్లల శాశ్వత దంతాలపై జరిగిన పరీక్షలు చిన్నవి, వాడిన మోతాదులూ వేర్వేరు. కాబట్టి లేజర్ సిమెంటుకు తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు. లేజర్ లేని క్లినిక్‌లోనూ పల్పాటమీ చక్కగా ఫలిస్తుంది.

అసలు తేడా తెచ్చేది సమయం. ఆరేళ్లు నిండిన పిల్లల నోట్లో చివరి పన్నును ఒకసారి వెలుతురులో చూడండి. నల్లని గుంట కనిపిస్తే, నొప్పి వచ్చేదాకా ఆగకండి.