సంక్రాంతి సెలవులు – వదినెగారి పుట్టిల్లు

వాకిళ్లయందు ధనుర్మాసపు ముగ్గులు కనబడుటతోడనే పట్టణములందలి మన పిల్లలకు అమ్మమ్మగారి యూరు జ్ఞప్తికి వచ్చును. ఏటేట సంక్రాంతి సెలవులకు హైదరాబాదునుండి గోదావరి తీరమునకు పోవు రైళ్లలో కాలు మోపుటకైనను చోటుండదు. చంకను బిడ్డయు చేత మూటయు గల తల్లి పడు పాట్లు అనుభవించినవారికే తెలియును. కావున ముందుగనే యోచించుట మేలు. 2024వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి రైలుటిక్కెట్లు ప్రయాణమునకు 60 దినములు మాత్రమే ముందుగా నిచ్చుచున్నారు. అనగా నవంబరు నెల నడుమనే మేలుకొనవలెను. అయిదేండ్లు నిండని బిడ్డకు వేరుగా పడక కోరనిచో టిక్కెట్టు అక్కరలేదు. అయిదేండ్లు నిండి పండ్రెండేండ్లు నిండనివారికి పడక కావలెనన్నచో 2016 ఏప్రిలునుండి పూర్తి రుసుము చెల్లింపవలసినదే.

ఈ శ్రమయంతయు తెల్లవారుజామున రాజమహేంద్రవరము వంతెనమీద తీరిపోవును. మంచులో గోదావరిని చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. పుట్టింటి గడప తొక్కినంతనే మనకును చిన్నతనము వచ్చును. నేనును అట్లే కాళ్లు చాపుకొని కూర్చుండుదానను. ఆ కూర్చుండుటను గూర్చియే నేడు మీతో రెండు మాటలు చెప్పదలచితిని.

మా వదినెగారు పండుగకు వారము ముందునుండి వంటయిల్లు విడువరు. అరిసెలన్న నోరూరును గాని, వాని వెనుకనున్న పాటు తినువారికి తెలియదు. బియ్యము నానబెట్టవలెను, వాడ్చి తడి యారకమునుపే దంచి జల్లింపవలెను, పాకము కనిపెట్టుకొని యుండవలెను, ఒకరు వేయించుచుండగా మరియొకరు నూనె యొత్తి తీయవలెను. వచ్చినవారమైన మాకు వేడినీళ్లు, పిల్లలకు పాలు, మావారికి కాఫీ, అన్నియు ఆమె చేతిమీదుగనే జరుగవలెను. ఆరేండ్లు నేను దీనిని చూచియు చూడనిదాననైతిని.

ఏడవయేట భోగినాటి సాయంకాలము మా రెండేండ్ల పాపకు భోగిపండ్లు పోయుచుంటిమి. రేగుపండ్లు, చిల్లరనాణెములు, నానిన సెనగలు, పూలరేకులు కలిపి పేరంటాండ్రందరును బిడ్డ తలపై పోసిరి. అందరము పాటలలో నుంటిమి. పాప యొక సెనగగింజను నోట వేసికొనెను. అది గొంతున అడ్డుపడి ఊపిరాడక ముఖము నల్లబడుచుండగా, గారెలపిండి చేతితోనే వంటయింటినుండి పరుగెత్తి వచ్చినది మా వదినెగారు. బిడ్డను ముందునకు వంచి రెండు రెక్కల నడుమ అరచేతితో గట్టిగా చరచిరి. గింజ బయటపడెను. పాప యేడ్చినది, ఆ యేడుపు విని మా ప్రాణములు కుదుటబడినవి.

అయిదేండ్లలోపు పిల్లలకు సెనగలు, నాణెములు, రేగుగింజలు గొంతున అడ్డుపడు వస్తువులే. పూలరేకులు ధారాళముగా పోయుడు. తక్కినవి బిడ్డ చేతి కందకుండ చూచి, పీటమీదినుండి దింపకమునుపే ఒడిలోనివి, జుట్టులోనివి ఏరివేయుడు. వేడుక తగ్గదు.

ఆ రాత్రి మా పెద్దవాడు నా ప్రక్కను పండుకొని, “అమ్మా! మనము అమ్మమ్మగారింటికి వచ్చినాము గదా, మరి బావ వాళ్ల అమ్మమ్మగారింటికి ఎప్పుడు వెళ్లును?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని. మా వదినెగారి పుట్టిల్లు మూడు కోసుల దూరముననే యున్నది. మేము వచ్చెదమని ఆమె యేడేండ్లుగా ఏ సంక్రాంతికిని అక్కడికి పోలేదు.

మరుసటియేడు మేము భోగికి నాలుగు దినములు ముందుగ పోయి, వదినెగారిని పిల్లలతో వారి పుట్టింటికి పంపదలచితిమి. “పండుగనాడు ఇంటికోడలు ఇల్లు విడుచుటయా?” అని మా అమ్మ మొదట ఒప్పుకొనలేదు. కొంతసేపటికి తానే, “నేనును ఇరువదియేండ్లు పండుగకు మా అమ్మను చూడలేదే” అని కన్నులు తుడుచుకొనెను. కనుమనాడు కాకియైనను కదలదందురు గదా. అందుచే వదినెగారు భోగికి ముందునాడు పోయి, ముక్కనుమ దాటినపిదప రావలెనని నిర్ణయించితిమి. అరిసెల పాకము నేను పట్టితిని, మావారు నూనె యొత్తిరి. పాకము ముదిరి అరిసెలు రాళ్లయినవి. పిల్లలు వానిని పాలలో నానబెట్టుకొని నవ్వుచు తినిరి. వంటయింటిలో నిలుచుండుట యెట్టిదో ఆ దినములలో నాకు తెలిసినది.

తిరిగివచ్చిన వదినెగారి ముఖము చూచితిని. పెండ్లినాటి తరువాత ఆమె యంత తేటగా నవ్వుట నేను చూచి యెరుగను. “అమ్మాయీ, అరిసె యొకటి నాకు దాచినావా?” అని యడిగి, దానిని కొరుకలేక ఆమెయు నవ్వినది.

సోదరీమణులారా! ఈ సంక్రాంతికి పుట్టింటికి పోవుచున్నారా? సంతోషముగా పొండు. పోవుటకు ముందు ఆ యింటి వంటగదిలో నుండు ఆడుబిడ్డకు ఒక్క జాబు వ్రాయుడు: “నీవెప్పుడు పోయెదవు?” అని.