తడి సాక్సు సంగతి దాచకుండా చెప్పే పిల్లలు

డిసెంబరు సెలవులు దగ్గర పడుతుంటే తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి కుర్రకారు జట్లు జట్లుగా ఉత్తరాఖండ్ దారి పడుతున్నారు. వాళ్లలో చాలామంది వెళ్లేది కేదార్‌కంఠకు. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీల మీదుగా సుమారు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి సాంక్రి అనే ఊరు వస్తుంది. అక్కడి నుంచి నడకే. శిఖరం ఎత్తు 12,500 అడుగులు. దారిలో గడిపే రాత్రులు మంచు మీద వేసిన టెంట్లలో.

మన పిల్లలకు తెలిసిన చలి లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో చూసిందే. అక్కడ తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోయినా పక్కనే టీ కొట్టు ఉంటుంది, వెనక్కి వెళ్తే గది ఉంటుంది. సాంక్రి పైన రాత్రి వెనక్కి వెళ్లడానికి గది ఉండదు. చీకటి పడగానే ఉష్ణోగ్రత సున్నా దాటి ఇంకా కిందికి దిగుతుంది, ఎండ మళ్లీ టెంటును తాకేదాకా అదే చలి. అందుకే అక్కడ గడపాల్సిన రాత్రికి సన్నాహం నెలా నెలన్నర ముందే, ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

రోజూ వేగంగా నడవడం, బరువున్న బ్యాగుతో మెట్లెక్కడం ఎలాగూ చేయాలి. బూట్లు కొత్తవైతే ఆ నడకలోనే వాటిని కాలికి అలవాటు చేసుకోవాలి. అసలు చిక్కు బట్టల దగ్గర వస్తుంది. బ్యాగు తెరిపించి చూస్తే జీన్సు ప్యాంట్లు, నూలు బనియన్లు, నూలు సాక్సులు బయటపడతాయి. మన ఎండలకు నూలును మించింది లేదు కానీ మంచులో అది ప్రమాదం. చెమటనంతా పీల్చుకుని ఎంతకీ ఆరదు. నీళ్లు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తాయి. కాబట్టి ఒంటిని అంటి ఉండేది ఉన్నిదో పాలియెస్టర్‌దో కావాలి, దాని మీద స్వెట్టరో ఫ్లీసో, అన్నిటికీ పైన గాలినీ మంచునూ ఆపే జాకెట్. ఒక్క మందపాటి కోటు కన్నా ఈ మూడు పొరలే మేలు, ఎందుకంటే ఎక్కుతున్నప్పుడు ఒకటి తీసేయొచ్చు, ఆగగానే మళ్లీ వేసుకోవచ్చు. చెమట పట్టాక తీయడం కాదు, పట్టకముందే తీయాలి. ఈ అలవాటు చెబితే రాదు, మెట్ల దగ్గర పదిసార్లు చేయించాలి.

రాత్రి సంగతి ఇంకా వివరంగా నేర్పాలి. స్లీపింగ్ బ్యాగు వేడి పుట్టించదు. ఫ్లాస్కు కాఫీని కాచదు, కాచిన దాని వేడిని కాసేపు నిలుపుతుంది, అంతే. బ్యాగు పనీ అదే. లోపలికి దూరేవాడి ఒంట్లోనే వేడి ఉండాలి. కడుపునిండా తినకుండా, వణుకుతూ దూరితే తెల్లవార్లూ వణుకే. అందుకే రాత్రి భోజనం వదలకూడదు, పడుకునే ముందు గుప్పెడు పల్లీ చిక్కీయో నెయ్యి వేసిన బెల్లమో నోట్లో వేసుకోవాలి. మూత గట్టిగా బిగించిన వేడినీళ్ల సీసాకు ఒక సాక్సు తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. పగలు వేసుకున్న సాక్సులు తీసేసి, పడుకోవడానికని విడిగా దాచిన పొడి జత వేసుకోవాలి. కింద ఫోమ్ చాప తప్పనిసరి. మీద ఎంత కప్పుకున్నా నేల కింది నుంచి వేడిని లాగేస్తుంది. టార్చి బ్యాటరీలు, ఫోను కూడా స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోవాలి, చలికి వాటి ఛార్జి త్వరగా పడిపోతుంది. టెంటులో స్టవ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ నేర్పినా ఒకటి మిగిలిపోతుంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలు చెప్పరు. సాక్సు తడిసిందని చెబితే నలుగురూ నవ్వుతారని ఊరుకుంటారు. తలనొప్పి అంటే వెనక్కి పంపేస్తారని దాచుకుంటారు. రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేసే ఆడపిల్లలెందరో. చలిలో మూత్రం ఎక్కువగా వస్తుంది. దానికితోడు నీళ్లు మానేస్తే ఒంట్లో నీరు తగ్గి చలి ఇంకా బాధిస్తుంది. తోడు లేకుండా ఎవరూ బయటికి వెళ్లకూడదనీ, తోడు కోసం లేపితే ఎవరూ విసుక్కోకూడదనీ ముందే ఒప్పందం చేయించాలి. నెలసరి గురించీ ఆస్తమా పంపు గురించీ అడగడానికి ఒక టీచరమ్మ జట్టులో ఉండి తీరాలి.

జతగాడి పద్ధతి ఇందుకే. ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరి ముఖం, వేళ్లు ఒకరు చూసుకోవాలని చెబుతారు. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, జాకెట్ జిప్పు కూడా పెట్టుకోలేరు. అప్పటికి బాధితుడికి తన పరిస్థితి తనకు తెలియదు, పక్కవాడే గుర్తుపట్టాలి. వణికేవాడి వణుకు వేడెక్కకుండానే ఆగిపోతే అది ఇంకా ప్రమాదం. తెల్లగా పాలిపోయి మొద్దుబారిన వేళ్లను రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు.

చలి ఎరగని ఊళ్ల పిల్లలకు ఇది సాధ్యమేనా అనే వాళ్లకు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌లను చూపించాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన ఈ ఇద్దరూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లను నేరుగా మంచులోకి తోసేయలేదు. మొదట భువనగిరి బండల మీద ఎక్కడం నేర్పారు, తర్వాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో శిక్షణ, ఆ తర్వాత చలికాలపు లద్దాఖ్. కష్టాన్ని మెట్టు మెట్టుగా పెంచారు. ఏ స్కూలైనా, కాలేజీ అయినా తన స్థాయిలో ఇలాగే చేయొచ్చు. తమ మైదానంలోనే ఒక రాత్రి టెంట్లు వేయించి, చేతికి గ్లౌజులతో, తల లైటు వెలుగులో తాళ్లు కట్టించినా ఎవరికి ఏం రాదో అక్కడే తెలిసిపోతుంది.

చివరిగా తల్లిదండ్రుల సమావేశం. 2,500 మీటర్లు దాటాక ఎంత గట్టివాడికైనా ఎత్తు పడకపోవచ్చు. తలనొప్పి, వాంతులు పెరుగుతుంటే మందు వేసి పైకి తీసుకెళ్లడం తప్పు, కిందికి దింపాలి. అలా ఒక పిల్లాడు దిగాల్సి వస్తే వెంట ఏ టీచరు వెళ్తారు, మిగతా జట్టును ఎవరు చూస్తారు, సాంక్రి నుంచి బండి ఎవరు ఏర్పాటు చేస్తారు, ఫోను అందని చోటు నుంచి ఇంటికి కబురు ఎలా వస్తుంది అన్నది బయల్దేరకముందే కాగితం మీద రాసి, ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇవ్వాలి.