చదరపు అడుగు ధర కన్నా ముందు పాప తరగతి

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేల పైమాటే. హైదరాబాద్ పడమటి వైపు ఇల్లు వెతికే కుటుంబాల్లో మాట ఇప్పుడు ధరతోనే మొదలవుతుంది: చదరపు అడుగు ఎంత? నాకైతే అది అన్నిటికన్నా చివర అడగాల్సిన ప్రశ్న అనిపిస్తుంది.

విజయవాడ నుంచి మకాం మారుస్తున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆయన ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, ఆమె ఉద్యోగం అమీర్‌పేటలో. పాప ఎనిమిదో తరగతి పూర్తి చేసింది, బాబు నాలుగు. ఈ ఇంట్లో మొదట చూడాల్సిన అంకె పాప తరగతి.

ఎందుకంటే, తెలంగాణలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటా సీటుకు స్థానికులుగా లెక్కలోకి రావాలంటే మామూలుగా 9, 10, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. 2024లో ప్రభుత్వం తెచ్చిన ఈ నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంజినీరింగ్‌లోనూ చదివిన నాలుగేళ్లే ప్రధానం. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లపాటు ఆంధ్ర పిల్లలు కూడా పోటీపడే వీలున్న 15 శాతం ఇంజినీరింగ్ సీట్ల తలుపు 2025 ప్రవేశాలతో మూసుకుంది. "ఇంటర్‌కి తీసుకొద్దాంలే, అప్పటిదాకా అమ్మమ్మ దగ్గరే చదువుకుంటుంది" అని రెండేళ్లు వాయిదా వేస్తే, పాప ఇక్కడ ఇంటర్ చదివి కూడా ఇక్కడి సీటుకు స్థానికురాలు కాకపోవచ్చు. ఈ జూన్‌లో తొమ్మిదిలో చేర్చడమా, లేక ఇంటర్ అయ్యేదాకా విజయవాడలోనే ఉంచడమా అన్నది ముందు తేల్చుకోవాలి. తర్వాతే బ్రోచర్లు. ఇల్లు నచ్చకపోతే ఇంకో ఇల్లు మారొచ్చు, గడిచిపోయిన తొమ్మిదో తరగతిని వెనక్కి తేలేం. నాలుగో తరగతి బాబుకి ఈ తొందర లేదు.

రెండో అంకె నిమిషాలు. మెట్రో బ్లూ లైన్ నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా వచ్చి రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ ఎటు వెళ్లాలన్నా రోడ్డే గతి. కోకాపేటలో ఇల్లు తీసుకుంటే ఆయనకు ఇరవై నిమిషాలు, ఆమెకు డెబ్బై పట్టిందనుకోండి, ఇద్దరిదీ కలిపి ఒకవైపు 90. అదే మియాపూర్ మెట్రో దగ్గరైతే ఆమె రెడ్ లైన్‌లో నేరుగా అమీర్‌పేటలో దిగుతుంది. ఆమెకు ముప్పై, ఆయనకు నలభై ఐదు అనుకున్నా మొత్తం 75. ఈ అంకెలు నా ఊహే, మీవి మీరు కొలుచుకోవాలి. కానీ చాలా ఇళ్లలో ఒక్కరి ఆఫీసునే కేంద్రంగా పెట్టుకుని వలయం గీస్తారు. రెండో ఉద్యోగం, సాధారణంగా ఆమెది, ఆ వలయం బయట పడిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఉద్యోగమే మానేయాల్సి వస్తే, ఆ ఇంటి అసలు ధరలో ఆమె జీతాన్నీ కలపాలి. రోజుకు గంటన్నర అదనపు ప్రయాణమంటే 22 పనిదినాల్లో 33 గంటలు. నెలలో నాలుగు పనిదినాలు రోడ్డు మీదే పోతున్నట్టు.

ఇక డబ్బు. కోటిన్నర ఫ్లాటు, నిర్మాణంలో ఉంది అనుకుందాం. 75 లక్షలు దాటిన గృహరుణాల్లో ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. కాబట్టి చేతి నుంచి 37.5 లక్షలు. జీఎస్టీ 5 శాతం, 7.5 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు సుమారు 7.5 శాతం, మరో 11.25 లక్షలు. గోడకు మేకు కొట్టకముందే 56 లక్షల పైన. మిగతా కోటీ 12.5 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల వాయిదా దాదాపు 97,600. కట్టే వడ్డీ మొత్తం కోటీ 22 లక్షల దాకా, అసలు కన్నా ఎక్కువ.

అలాంటి ఇల్లే నెలకు 45 వేలకు అద్దెకు దొరికితే ఏడాదికి 5.4 లక్షలు. ఆ జీఎస్టీ కన్నా తక్కువ. ఆ ఏడాదిలో స్కూలు కుదిరిందో లేదో, ఆమె ఉద్యోగం నిలిచిందో లేదో, వానాకాలం రోడ్డు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. అందుకే మొదటి ఏడాది అద్దె ఇంట్లోనే ఉండమని చెబుతాను. అద్దె డబ్బు దండగ అనే పెద్దల మాట గజం వేలల్లో ఉన్న రోజులది. కొన్న ఇంటికైనా మెయింటెనెన్స్ ఆగదు. అది నెలకు 7,500 దాటి, సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షలు మించితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

కొనేవాళ్లు ఇంకో అంకె అడగాలి: మన వాటాకు వచ్చే నేల ఎన్ని గజాలు? 500 గజాల్లో పది ఫ్లాట్ల ఐదంతస్తుల ఇంట్లో ఒక్కొక్కరికి 50 గజాలు వస్తాయి. టవర్ ఎత్తు పెరిగేకొద్దీ ఆ వాటా కరిగిపోతుంది.

చివరిగా నీళ్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి 540. ఐదు వందల ఫ్లాట్ల సముదాయానికి రోజుకు 2 లక్షల 70 వేల లీటర్లు. మే నెలలో బోర్లు ఎండిపోయి, మంజీరా కనెక్షన్ అందకపోతే, అది 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 54. సేల్స్ ఆఫీసులో క్లబ్‌హౌస్ చూపిస్తారు, ఈత కొలను చూపిస్తారు. మీరు మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌ని పలకరించండి. పోయిన వేసవిలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో ఆయనకు తెలుస్తుంది.