రాత్రిపూట పిల్లలకు వాంతులు: కారణం తెలియనప్పుడు ఏం చేయాలి?

సాయంత్రం వరకు ఆడుకున్న పిల్లవాడు అన్నం తిని పడుకుంటాడు. అర్ధరాత్రి లేచి పక్కంతా వాంతి చేసుకుంటాడు. తెల్లవారాక ఏమీ జరగనట్టు టిఫిన్ అడుగుతాడు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. ఇంట్లో ఒకరు అజీర్తి అంటారు, ఒకరు పైత్యం అంటారు, నాయనమ్మ దిష్టి తీస్తుంది. మూడు వారాల తర్వాత మళ్లీ అదే వరస. ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి బిడ్డ నవ్వుతూ ఉంటాడు. డాక్టరు గారు పొట్ట నొక్కి చూస్తే ఏ తేడా కనిపించదు.

ఇలాంటి వాంతుల్లో చాలావరకు ప్రమాదం లేనివే. కొన్నింటి వెనుక మాత్రం వైద్యం అవసరమైన జబ్బు ఉంటుంది. తేడా తెలిసేది వాంతి అయిన ఆ కాసేపట్లోనే. ఆ సమయంలో డాక్టరు ఉండరు, నర్సు ఉండదు. ఉండేది మీరే. కనుక మీరు ఏం చూడాలో, ఏం రాసుకోవాలో తెలుసుకోండి.

మామూలు కారణాలు

ఆలస్యంగా, కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే తిన్నది పైకి తన్నుతుంది. పడుకునే ముందు పెద్ద గ్లాసు పాలు తాగించినా అంతే. రాత్రి భోజనం నిద్రకు రెండు గంటల ముందే పెట్టి చూడండి.

దగ్గు మరో కారణం. చిన్నపిల్లలు కఫాన్ని ఉమ్మలేక మింగేస్తారు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి చివర వాంతి అయితే చూపించాల్సింది ఛాతీని. కొందరిలో అది ఆస్తమా కావచ్చు.

మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా వాంతులవుతాయి. మలవిసర్జన ఎన్ని రోజులకొకసారి అవుతోంది, మూత్రానికి వెళ్లినప్పుడు ఏడుస్తున్నాడా అన్నది గమనించండి.

ఒకే తీరున తిరిగి వచ్చే వాంతులు

కొందరు పిల్లలకు వారాలో నెలలో బాగుండి, ఉన్నట్టుండి రాత్రో తెల్లవారుజామునో వాంతులు మొదలవుతాయి. గంటకు చాలాసార్లు అవుతాయి. ముఖం పాలిపోతుంది, బిడ్డ మాట్లాడకుండా ముడుచుకుని పడుకుంటాడు. కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో ఆగిపోతాయి. ప్రతిసారీ అదే వేళ, అదే తీరు. దీన్ని సైక్లిక్ వామిటింగ్ అంటారు. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1882లోనే ఇలాంటి పిల్లల గురించి రాశారు. తల్లికో తండ్రికో పార్శ్వపు నొప్పి ఉన్న ఇళ్లలో ఇది ఎక్కువ. నిద్ర చాలకపోవడం, ఎక్కువసేపు ఆకలితో ఉండటం, జలుబు, పెళ్లి ప్రయాణాలు, పండుగ సంబరం, పరీక్షల భయం దీన్ని రేపుతాయి.

నిద్రలో వచ్చే ఒక రకం ఫిట్స్

ఫిట్స్ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే అనుకుంటాం. మూడు నుంచి ఆరేళ్ల వయసు పిల్లల్లో ముఖ్యంగా కనిపించే ఒక రకంలో మొదట వచ్చేది వాంతే. బిడ్డ నిద్రలోంచి లేచి వికారంగా ఉందంటాడు, ముఖం తెల్లబోతుంది, వాంతి చేసుకుంటాడు. తర్వాత కళ్లు ఒక పక్కకు తిరిగి అక్కడే నిలిచిపోతాయి. పిలిస్తే పలకడు. కొన్నిసార్లు అరగంట దాటినా తేరుకోడు. దీనికి పనయోటోపౌలస్ సిండ్రోమ్ అని పేరు. పేరు చూసి భయపడకండి. చాలామందిలో మొదలైన ఒకటి రెండేళ్లలో తగ్గిపోతుంది, అందరికీ రోజూ మందు అవసరం రాదు. డాక్టరు గారు ఇ.ఇ.జి. పరీక్ష రాయవచ్చు. అయితే ఆ పరీక్ష రాయాలని వారికి తోచాలంటే కళ్లు తిరిగిన మాట మీరు చెప్పాలి. "రాత్రి వాంతి అయింది, తర్వాత నిద్రపోయాడు" అని మాత్రమే చెబితే అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసినవి

- నేల మీద పడుకున్న బిడ్డ రాత్రి కడుపునొప్పితో లేచి వాంతులు చేసుకోవడం, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం. కట్లపాము కాటు కావచ్చు. ఇది చాలాసార్లు నొప్పి తెలియకుండా కరుస్తుంది, గాటు కూడా కనబడకపోవచ్చు. మంత్రం కోసం, నాటుమందు కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు.
- తలనొప్పితో నిద్ర లేవడం, తెల్లవారుజామున వాంతి, నడకలో తూలడం, కొత్తగా మెల్లకన్ను. మెదడులో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి.
- విపరీతమైన దాహం, ఎక్కువ మూత్రం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం, వాటితో వాంతులు. అదే రోజు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి.
- ఆకుపచ్చని వాంతి, రక్తం పడటం, పొట్ట ఉబ్బడం, తెరలు తెరలుగా కడుపునొప్పి.
- తలకు దెబ్బ తగిలాక వాంతులు.
- ఆరు నుంచి ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, మగతగా ఉండటం.
- కళ్లు తిరిగి స్పృహ లేకుండా ఉండటం ఐదు నిమిషాలు దాటడం.

వీటిలో ఏది ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ రాత్రి ఇంట్లో

బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోదు. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు, మందు, చెంచా ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలపడం వల్ల ఉపయోగం లేదు.

తెలివిగా ఉంటే పది నిమిషాలు ఆగి ఓ.ఆర్.ఎస్. నీళ్లు పట్టండి. రెండు నిమిషాలకొక చెంచా చాలు. గ్లాసుతో తాగిస్తే మళ్లీ కక్కేస్తాడు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోసి కలపండి, 24 గంటలు దాటితే పారబోయండి. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపవద్దు. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకున్న తీపి పానీయాలతో మోసపోవద్దు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అలాంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. పోయినసారి మిగిలిన వాంతుల మందు డాక్టరును అడగకుండా పోయవద్దు.

ఏం రాసుకోవాలి?

పిల్లల పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ చాలు. ఇలా రాయండి:

"మంగళవారం రాత్రి 1.20. పడుకుని నాలుగు గంటలైంది. రాత్రి పెరుగన్నం తిన్నాడు. మొదట అన్నం, తర్వాత పసుపు నీళ్లు, మొత్తం 5 సార్లు. దగ్గు లేదు. ముఖం పాలిపోయింది. కళ్లు ఎడమ పక్కకు తిప్పాడు. 15 నిమిషాలు పలకలేదు. తర్వాత నిద్ర. పొద్దున మామూలే. ముందురోజు ఊరి నుంచి వచ్చాం, నిద్ర లేదు."

"పచ్చగా కక్కాడు" అని చాలామంది చెబుతారు. మన మాటల్లో పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. వైద్యంలో ఈ రెండూ ఒకటి కావు. పసరులా ఆకుపచ్చగా ఉందా, పసుపుగా ఉందా అని స్పష్టంగా రాయండి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు బిడ్డను పట్టుకోండి, ఇంకొకరు సెల్‌ఫోనుతో ఒక నిమిషం వీడియో తీయండి. ముఖం, కళ్లు కనిపించాలి.

చదువు రాని తల్లి అయితే బడికి వెళ్లే పెద్దపిల్లతో రాయించవచ్చు. అక్షరాలు ఎలా ఉన్నా ఫరవాలేదు. మూడుసార్లు వచ్చిన వాంతులకు మూడు తేదీలు, మూడు వేళలు ఉన్న కాగితం తెస్తే ఏ పరీక్ష ముందు చేయాలో, ఏది అక్కర్లేదో డాక్టరు గారు తేల్చగలుగుతారు. అనవసరమైన స్కాన్ ఖర్చు తప్పవచ్చు, అవసరమైన పరీక్ష ఆలస్యం కాకుండా ఉంటుంది. ఓ.పి. చీటీతో పాటు ఆ కాగితాన్ని కూడా తీసుకురండి. డాక్టరు గారు అడగకపోయినా ముందుగా దాన్నే చేతికివ్వండి.