వడిసెల రాయియు, ఉపగ్రహమును

మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పై చదువులకు పోవు పిల్లలు కొందఱు అంతరిక్ష ఇంజనీరింగు చదివెదమని యనుచున్నారు. నింగికి రాకెట్టును పంపినచో మన మెట్టచేనికి ఒరుగున దేమని పెద్దలు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బదులు చెప్పుటకు ముందు ఆ శాస్త్ర మెట్టిదో కొంత తెలియవలెను. నక్షత్రగతులను గణించు జ్యోతిషము వేఱు, ఇది వేఱు. పుష్పక విమానమును సాక్ష్యమునకు పిలువవలసిన పనియు లేదు.

జొన్నచేనిలో మంచె నెక్కి వడిసెలతో పిట్టలను తోలుట మన మెఱిగినదే. మెల్లగా విసరిన రాయి మన చేనిలోనే పడును. బలముగా విసరినది పొరుగుచేనికి పోవును. భూమి గుండ్రనిది గదా! గాలి యడ్డులేని యెత్తున, తగిన వేగముతో విసరగలిగినచో, రాయి క్రిందికి వంగిన కొలదియు నేలయు దాని క్రింద వంగిపోవుచుండును. రాయి నిరంతరము పడుచునే యుండును గాని నేలను తాకదు. ఉపగ్రహ మనగా నిదియే. దానికి కావలసిన వేగము సెకండునకు సుమారు 8 కిలోమీటర్లు. ఆ వేగమున సూటిగా పోయినచో మార్కాపురము నుండి గిద్దలూరునకు ఏడు సెకండ్ల ప్రయాణము.

అంత వేగము సంపాదించుటయే కష్టము. పైన గాలి లేదు గనుక రాకెట్టు ఇంధనమునే గాక దానిని మండించు పదార్థమును గూడ మోసికొని పోవలెను. ఎద్దులు తినవలసిన మేతనంతయు బండిపై వేసికొని నల్లమల కనుమ నెక్కినట్లుండును. కావుననే రాకెట్టును కుండల దొంతివలె కట్టుదురు. అడుగు భాగములోని మందు కాలిపోగానే ఆ ఖాళీ కుండను విడిచివేయుదురు. మిగిలినది తేలికయై వడి హెచ్చును. మన దేశపు తొలి ఉపగ్రహవాహనమైన యస్.యల్.వి.-3 బరువు 17 టన్నులు, ఎత్తు 22 మీటర్లు, భాగములు నాలుగు. అది 1980లో పైకి చేర్చిన రోహిణి బరువు 35 కిలోలు మాత్రమే. గోతమెడు జొన్నలకన్న తక్కువ!

విడిచిన కుండలు ఊళ్లపై పడరాదు. అందుచే 1969లో పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోట దీవిని ఎన్నుకొనిరి. దానికి తూర్పున సముద్రమే. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుట వలన తూర్పుగా వదలిన రాకెట్టునకు అచ్చట సెకండునకు 450 మీటర్ల వేగము ఊరకనే లభించును. ఆ దీవిలో తరతరములుగా బ్రతికిన యానాదులు తమ తావులు విడువవలసివచ్చెనన్న మాటయు మఱవరాదు.

ఈ విద్యలో చిన్నదియని త్రోసివేయదగిన దేదియు లేదు. 1979 ఆగస్టు 10వ తేదీన వదలిన మొదటి యస్.యల్.వి.-3 సముద్రములో కూలెను. మందు చెడలేదు, గణితము తప్పలేదు. రెండవ భాగమును దారిలో నిలుపు అమరికలో ఒక వాల్వు సరిగా మూతపడక ఆమ్లము కారిపోయెను. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాముగారు. సంస్థాధ్యక్షులు సతీష్ ధావన్‌గారు పత్రికలవారి యెదుట తామే నిలిచి ఆ వైఫల్యమును మీద వేసికొనిరి. లోపమును వెదకి సవరించి, 1980 జూలై 18న మరల ప్రయోగింపగా రోహిణి కక్ష్య చేరెను. అప్పుడు పత్రికలవారితో మాటలాడుటకు ధావన్‌గారు కలాముగారినే పంపిరి.

ఇక మన మెట్టచేని మాట. నేలను పరిశీలించు ఉపగ్రహమును 1988లో సోవియట్ రాకెట్టుపై పంపవలసివచ్చెను. ఏలయన అది టన్నుకు కొంచెమే తక్కువ, మన వాహన మంత మోయజాలదు. 1994 అక్టోబరులో పి.యస్.యల్.వి. అట్టిదానిని శ్రీహరికోట నుండియే కక్ష్యకు చేర్చెను. ఆ చిత్రములను హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రమువారు పరిశీలింతురు. ఉపగ్రహము భూమిలోని నీటిని చూడజాలదు. కాని మనవంటి పలకరాతి సీమలో నీరు రాతి పగుళ్లలోనే నిలుచును. చేలో నిలిచినవానికి కానరాని యా పగుళ్లు కొన్ని పైనుండి తీసిన చిత్రములో, క్రోసుల కొలది సాగు గీతలుగా కనబడును. వానిని పటముపై గుర్తించిన పిదప భూగర్భశాస్త్రజ్ఞులు నేలకు వచ్చి పరికరములతో పరీక్షింతురు. రెండు గీతలు కలియు చోటును ముందుగా చూతురు. బోరు వేయుట అటు పిమ్మటి మాట.