మత్తడి లెక్కతో గాజుతొట్టి

చెరువు నిండిన సంగతిని మా వైపు ఒకే మాటతో చెబుతారు: మత్తడి దుంకుతోంది. మానేరు, చలివాగు పారే టేకుమట్ల ప్రాంతంలో ఈ మాట వినగానే మనిషి మనసు రెండు రకాలుగా కదులుతుంది. పంటకు నీళ్ళున్నాయన్న ధీమా ఒకటి, కట్ట ఆగుతుందా అన్న బెంగ ఇంకొకటి.

చెరువు నుంచి నీరు పోయే దారులు రెండు. కట్ట అడుగున తూము, కట్ట అంచున మత్తడి. తూము పొలం కోసం, మత్తడి కట్ట కోసం. ఇంట్లో అక్వేరియం పెట్టుకొని, దాని కింద మరో తొట్టిలో నీటిని వడగట్టి, మోటారుతో తిరిగి పైకి పంపేవారికి ఈ రెండింటి తేడా తెలిసి తీరాలి. మోటారు గంటకు ఎన్ని లీటర్లు పైకి తోస్తుందో అన్ని లీటర్లూ కిందికి దిగాలి. దిగకపోతే మిగిలిన నీరు గది నేల మీదికే వస్తుంది.

తూములాంటి రంధ్రంలో ప్రవాహం, దాని పైనున్న నీటి ఎత్తుకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఎత్తు నాలుగింతలైతే ప్రవాహం రెండింతలే. మత్తడి మీద మాత్రం ఎత్తు నాలుగింతలైతే ప్రవాహం ఎనిమిదింతలవుతుంది. రంధ్రంలో నీటి వేగం ఒక్కటే పెరుగుతుంది, రంధ్రం పెద్దది కాదు. మత్తడి మీద వేగమూ పెరుగుతుంది, దూకే నీటి మందమూ పెరుగుతుంది. వరద పెరిగేకొద్దీ తనంతట తానే పెద్దదయ్యే ద్వారం అది. కాకతీయుల కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన రామప్ప చెరువు ఈనాటికీ నిలిచి ఉందంటే కట్ట బలంతో పాటు మిగులు నీటికి దారి వదిలిన తెలివినీ తలచుకోవాలి.

ఇప్పుడు గాజుతొట్టి లెక్క చూద్దాం. గంటకు 2,000 లీటర్లు తోసే మోటారు ఉందనుకుందాం. గాజు గోడకు 25 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే పెడితే, రంధ్రం మధ్య నుంచి నీటి మట్టం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు బయటికి పోయేది గంటకు సుమారు 740 లీటర్లు. మొత్తం 2,000 పోవాలంటే నీరు 18 సెంటీమీటర్లు లేవాలి. అంత లేవకముందే తొట్టి పొర్లుతుంది. రంధ్రం వ్యాసాన్ని 50 మిల్లీమీటర్లు చేస్తే వైశాల్యం నాలుగింతలై, 5 సెంటీమీటర్ల ఎత్తులోనే 4,000 లీటర్లకు పైగా పోతుంది. పైపు కొనేటప్పుడు లోపలి వ్యాసం కొలవాలి, బయటిది కాదు.

అదే నీరు మత్తడిలా గాజు అంచు మీది నుంచి జారితే? అంచు పొడవు 10 సెంటీమీటర్లయితే నీరు సుమారు 2 సెంటీమీటర్లు లేస్తుంది. 30 సెంటీమీటర్లయితే ఒక్క సెంటీమీటరుతో సరిపోతుంది. మందు అంచు పొడవులోనే ఉంది. చేపలు జారిపోకుండా అంచుకు దువ్వెన పళ్ళలా కోస్తారు కదా, ఆ పళ్ళు ఆక్రమించిన మేర పొడవు తగ్గినట్టే. సగం పళ్ళు, సగం సందులూ అయితే 30 సెంటీమీటర్ల అంచు 15 సెంటీమీటర్ల పని చేస్తుంది.

చెరువు దగ్గరా ఇదే జరుగుతుంది. పెంచిన చేపలు కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా వలలు కడతారు. వలకు గుర్రపుడెక్క, చెత్త, కొమ్మలు చుట్టుకొని కాసేపట్లో అది గోడవుతుంది. బతుకుదెరువు కోసం కట్టిన వలను నేను తప్పుపట్టలేను. కానీ ముసురు పట్టిన రాత్రి దాన్ని ఎవరో ఒకరు విప్పాలి. 2023 జులై 27న ముగిసిన 24 గంటల్లో పక్కనున్న చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ తెల్లవారుజామునే మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. అంత వాన ఒక్క చదరపు కిలోమీటరు మీద పడితే 6 లక్షల ఘనపు మీటర్లు దాటుతుంది. నేల ఇంకించుకోకుండా రోజంతా సమంగా పారినా సెకనుకు 7 ఘనపు మీటర్లు. వాన సమంగా పడదు గనక ఉధృతి అంతకన్నా ఎన్నో రెట్లుంటుంది. ఆ లెక్క పట్టుకొని చూస్తే, నాలుగు నీళ్ళు ఎక్కువ నిలుస్తాయని మత్తడి మీద ఇసుక బస్తాలు వేయడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

తొట్టిలో వల స్థానాన్ని నత్త తీసుకుంటుంది. నీటిని కిందికి దించే పైపు మూతిలో ఒక చిన్న నత్త ఇరుక్కుంటే చాలు. అందుకే రెండో పైపు ఉండాలి, దాని మూతి మామూలు నీటి మట్టానికి కొంచెం పైన, ఎప్పుడూ పొడిగా ఉండాలి. మోటారు తోసే నీటినంతా అదొక్కటే మోయగలగాలి.

కరెంటు పోయినప్పటి సంగతి వేరు. మోటారు ఆగగానే అంచు పైనున్న నీరంతా కింది తొట్టిలోకి దిగుతుంది. తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు అనుకుంటే, 2 సెంటీమీటర్ల మందానికి 8 లీటర్లు. పైకి నీరు తెచ్చే గొట్టం మూతి అంచు కన్నా 5 సెంటీమీటర్లు లోతుగా మునిగి ఉంటే ఆ గొట్టమే నీటిని వెనక్కి లాగి మరో 20 లీటర్లు దించుతుంది. కింది తొట్టిలో అంత ఖాళీ ఉంచాలి, లేదా మూతిని పైకి తేవాలి.

మోటారు అట్టపెట్టె మీద రాసిన లీటర్లు ఎత్తు లేకుండా కొలిచినవి. ఎత్తుకు తోసేటప్పుడు తగ్గుతాయి. గొట్టాన్ని తొట్టి ఎత్తుకు పట్టుకొని 20 లీటర్ల బకెట్ నింపండి. 36 సెకన్లు పడితే గంటకు 2,000. ఆ తర్వాత మోటారు నడుస్తుండగానే మొదటి పైపు మూతిని అరచేత్తో మూసి పట్టుకోండి. నీరు నెమ్మదిగా లేచి, రెండో పైపులోకి గలగలమని జారడం మొదలవుతుంది. ఐదు నిమిషాలు చెయ్యి తీయకండి. మట్టం ఎక్కడ నిలిచిందో గాజు మీద గీత గీయండి. గీతకూ గాజు పై అంచుకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి.