మిగిలిన దారంతో మొదటి టోపీ

ఇంట్లో స్వెట్టరో, శాలువానో అల్లడం పూర్తయిందంటే చివర్న గుప్పెడు ఊలు మిగులుతుంది. పారేయడానికి మనసొప్పదు, దాచిపెడితే దేనికీ చాలదు. పాత బిస్కెట్ల డబ్బాలో చేరిన ఆ ఉండలు ఏళ్ల తరబడి అక్కడే పడి ఉండి, ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి. క్రోషియా నేర్చుకోవాలని సరదాపడే అమ్మాయిలకు అంతకంటే మంచి సరుకు లేదు. పాడైపోతుందేమోనన్న బెంగ ఉండదు, ఖర్చు ఉండదు.

కొత్తవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎవరింట్లోనో బల్లమీద పరిచిన తెల్లటి లేసు చూసి ముచ్చటపడతారు. వెంటనే సన్నని దారం, అంతకంటే సన్నని స్టీలు సూది కొనుక్కొస్తారు. కళ్లు లాగుతాయి, కుట్టు కనపడదు, మూడోరోజుకు అంతా మూలకు చేరుతుంది. మొదట లావుపాటి దారం పట్టుకోండి. దానికి 4 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది. దారం లేతరంగుదైతే మంచిది. నలుపు, ముదురు నీలం రంగుల్లో రాత్రిపూట దీపం కింద కుట్లు లెక్కపెట్టడం అలవాటైనవాళ్లకే కష్టం. నూగు ఎక్కువున్న ఊలు కూడా వద్దు, తప్పు పోయినప్పుడు విప్పడానికి రాదు.

స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. క్రోషియాకు కొక్కెం ఉన్న ఒక్క సూది చాలు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఇందులో సూదిమీద చాలావరకు ఒక్క ఉచ్చే ఉంటుంది. పాలు పొంగాయనో, పిల్లాడు ఏడ్చాడనో మధ్యలో లేచి వెళ్లినా, ఆ ఉచ్చును కాస్త పెద్దగా లాగి వదిలేస్తే చాలు. స్వెట్టరు సూది జారితే వరుసంతా జారినట్టు ఇక్కడ జారదు. ఇంటిపనుల మధ్య కూర్చునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

జారుముడి వేసి, సూదితో దారాన్ని అందుకుని ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు కుట్టు. దీన్నే చైను అంటారు. మొదటిరోజు ఇదొక్కటే చేయండి, బారెడు పొడవు వచ్చేదాకా. కుట్లన్నీ ఒకే బిగువుతో వస్తున్నాయనిపించాక వెనక్కి తిరిగి గొలుసుమీదే పొట్టి కుట్లు వేయండి. రెండు మూడు వరుసలయ్యేసరికి చేతిలో పట్టీ తయారవుతుంది. చదువుకునే పిల్లలు పుస్తకంలో గుర్తుకు పెట్టుకోవచ్చు, చివర్న కుచ్చు కడితే ఇంకా బాగుంటుంది. అదే పట్టీని జడకు చుట్టే రబ్బరు మీద అల్లితే జడబ్యాండు.

ఆ తర్వాత చక్రం. గ్లాసు కింద పెట్టే చిన్న బిళ్ల అల్లడం వస్తే సగం విద్య వచ్చినట్టే. నడుమ ఆరు పొట్టి కుట్లతో మొదలుపెట్టాలి. రెండో చుట్టులో ఒక్కొక్క కుట్టులో రెండేసి వేస్తే పన్నెండు. మూడో చుట్టులో ఒకటి విడిచి ఒకటి పెంచితే పద్దెనిమిది. ఇలా చుట్టు చుట్టుకూ ఆరేసి పెరుగుతూ పోవాలి. చుట్టు ఎక్కడ మొదలైందో మరచిపోకుండా వేరేరంగు దారం ముక్క ఒకటి తగిలించి ఉంచండి. పెంచడం తక్కువైతే బిళ్ల గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువైతే అంచు గౌను కుచ్చుల్లా అలలు తిరుగుతుంది.

బిళ్ల విషయంలో ఆ గిన్నెలా ముడుచుకోవడం తప్పు. టోపీ విషయంలో కావలసింది అదే.

నమాజుకు వెళ్లే పిల్లాడి తలకు టోపీ అల్లాలంటే ముందు టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. దాన్ని 3.14తో భాగించండి. చుట్టుకొలత 50 సెంటీమీటర్లు ఉంటే సుమారు 16 వస్తుంది. అల్లిక కొంచెం సాగుతుంది కాబట్టి ఒక సెంటీమీటరు తగ్గించి, బిళ్ల వెడల్పు 15 రాగానే పెంచడం ఆపేయండి. అక్కడినుంచి కుట్టుకు కుట్టు వేసుకుంటూ పోతే అంచు దానంతటదే కిందికి దిగుతుంది. చెవులపైదాకా వచ్చాక ఆపవచ్చు. గాలి ఆడే జాలీ టోపీ కావాలంటే పొడుగు కుట్ల మధ్య ఒక్కొక్క గొలుసు వదలాలి. కానీ మొదటి టోపీకి ఆ హంగు వద్దు.

మన ఎండలకు నూలుదారమే మేలు. పైగా బజార్లో ఊలు పేరుతో దొరికేదాంట్లో చాలాభాగం అక్రిలిక్. వేడి ఇస్త్రీపెట్టె తగిలితే అల్లిక చదునై, మళ్లీ పూర్వరూపానికి రాదు. నూలును, ఊలును ఒకే టోపీలో కలపకండి. ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని రెండోది ముడుచుకోదు. ఎరుపు, నీలం దారాలను ముందే విడిగా నీళ్లలో నానబెట్టి రంగు దిగుతుందేమో చూసుకోవాలి. మిగిలిన దారం చాలుతుందా అన్న అనుమానం వస్తే ఒక చుట్టు అల్లి, విప్పి, ఆ దారం కొలవండి. లెక్క తేలిపోతుంది. చాలకపోతే టోపీ అంతా తెలుపులో అల్లి, అంచుకు మాత్రం రంగులు వాడండి.

మా వీధిలో ఒక ఖాలా ఉండేది. రంజాన్‌కు ముందు మనవళ్లందరికీ ఇలాగే అల్లేది. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు అంచు, నాది నీదని కొట్టుకోకుండా. అవి చూసి పక్కింటావిడ తన పిల్లలకూ రెండు కావాలంది. డబ్బు దగ్గరకొచ్చేసరికి "దారం ఎలాగూ మిగిలిందే కదా ఖాలా" అంది. "దారం మిగిలింది గానీ పొద్దు మిగల్లేదు కదమ్మా" అంది ఖాలా. టోపీకి మూడు మధ్యాహ్నాలు పట్టిందని చెప్పి, ఆ లెక్కన తీసుకుంది.

ఈ మాట అనలేక నష్టపోయినవాళ్లు మన రాష్ట్రంలోనే వేలమంది ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషియా లేసు తర్వాత విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. అల్లే ఆడవాళ్లు ఇల్లు కదలరు కనుక, అది పని కాదు, తీరికవేళ కాలక్షేపం అనుకున్నారంతా. కూలీ కూడా అలాగే ఇచ్చారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకంలో ఈ సంగతినే వివరంగా చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు నిలిచింది, సంతోషమే. కూలీ సంగతి మాత్రం అల్లేవాళ్లనే అడగాలి.

మనవడికిచ్చేదానికి వెల కట్టమని కాదు. అమ్మేదానికి మాత్రం కూర్చున్న గంటలు గోడమీది క్యాలెండరులో రాసుకోండి. మొదటి టోపీకి వారం పట్టవచ్చు, రెండోదానికి అంత పట్టదు.

టోపీ అయ్యాక దారం కొసను కత్తిరించి వదిలేయకండి. జానెడు ఉంచి, లావు సూదిలో ఎక్కించి, కుట్ల వెనకగా ఒకసారి ఇటు, ఒకసారి అటు దూర్చండి. లేకపోతే రెండు ఉతుకులకు ఊడొస్తుంది. ఇంకా మూరెడు మిగిలిందా? గొలుసు అల్లి తాళంచెవుల గుత్తికి కట్టుకోండి.